రూబీ తోకను దోచిందెవరు?

"ఈ వారం ఈ అడవిలో నేరం చేద్దామనుకున్నవాడెవడైనా ఉంటే, మానుకోవడం వాడికే మంచిది. నేనిక్కడున్నాను" అన్నాడు మా బావ డెల్బర్ట్, వేడి రొట్టెను గ్రేవీలో ముంచుతూ.

వినడానికి నేనూ, గ్రేవీ గిన్నే ఉన్నాం.

డెల్బర్ట్ నా భార్య నదీన్‌కి అన్న. వృత్తి గడ్డి కోసే మిషన్లు బాగుచేయడం. ప్రవృత్తి అపరాధ పరిశోధన. పోస్టులో ఆరు నెలల డిటెక్టివ్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి ప్లాస్టిక్ తొడుగు వేయించి, గుర్రాలను తరలించే ట్రైలర్ బండికి అతికించుకున్నాడు. ఇప్పటిదాకా చేపట్టిన కేసు ఒక్కటే: మా పాస్టర్‌గారి కళ్లజోడు. అది ఆయన నుదుటి మీదే ఉందని ఆయన భార్య చెప్పేలోపు డెల్బర్ట్ చర్చి పెరడు సగం తవ్వేశాడు.

ఏటా అక్టోబరులో టెనెసీ కొండల్లో, బక్‌హార్న్ వాగు పక్కన, కుటుంబమంతా గుర్రాలతో సహా గుడారాలు వేసుకుని వారం రోజులుంటాం. శనివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ దిగినవాళ్లందరూ గుర్రాలను అలంకరించి మైదానం చుట్టూ ఊరేగుతారు; అందంగా ముస్తాబైన గుర్రాలకి బహుమతులు. ఆ శనివారం పొద్దున గుర్రాల వైపు నుంచి మా అత్తగారు ఒడెస్సా పిలిచింది.

"నదీన్, ఇలా రా. రూబీని చూడు."

రూబీ ఆవిడ గుర్రం. ఎర్రటి ఆడగుర్రం, ఇరవై ఏడేళ్లు. ఈ ఊరేగింపు తర్వాత దాని మీద జీను వేయొద్దని పశువుల డాక్టరు చెప్పాడు. డెబ్భై ఆరేళ్ల మా అత్తగారి మోకాళ్లు కూడా అదే మాట చెప్పాయి. ఇద్దరికీ ఇదే చివరి సవారీ. ఈ ఊరేగింపు కోసమే తొమ్మిదేళ్లుగా కడిగి, దువ్వి, గుడ్డ చుట్టి నేలకి తగిలేదాకా పెంచిన తోక ఇప్పుడు అరిగిపోయిన చీపురులా వేలాడుతోంది.

"దీన్నిలా నలుగురిలో తిప్పి పరువు తీయను. నేనెక్కను" అంది ఒడెస్సా. మడత కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పేసింది.

డెల్బర్ట్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చాడు. "ఎవరూ కదలొద్దు."

"గుర్రాలు కదులుతాయి బావా."

"వాటికీ చెప్పు."

జేబులోంచి కేసు పుస్తకం తీశాడు. కోర్సుతో పాటు వచ్చింది. పేజీకి మూడు గళ్లు: నేరస్థుడు, ఉద్దేశం, సహకరించినవారు. భూతద్దం తీసి తోక కొస పరీక్షించాడు. రూబీ తన అభిప్రాయాన్ని అతని బూటు మీద వదిలింది.

"కత్తెర కాదు హోయ్ట్" అన్నాడు నాతో. "పళ్లున్న కత్తి. అంచు ఎలా చిరిగిందో చూడు. పైగా తడిగా ఉంది."

"అయితే?"

"వాగు దాటి వచ్చాడు. లేదా కోస్తూ కోస్తూ ఏడ్చాడు. మనసున్న దొంగ. ఇలాంటివాళ్లే ప్రమాదకరం."

"ఎవరైనా తాడు విప్పారేమో."

"నేను కట్టిన తాడుని విప్పేవాడు ఇంకా పుట్టలేదు."

నిన్న సాయంత్రం రెండు చెట్ల మధ్య తలకంటే ఎత్తున తాడు బిగించి, గుర్రాలను దానికి వరసగా కట్టింది డెల్బర్టే. వరసలో ఆ చివరన, అతను ఈ వసంతంలోనే కొన్న మూడేళ్ల కంచరగాడిద డీకన్ ఏదో నములుతూ దర్యాప్తును శ్రద్ధగా చూస్తోంది.

డెల్బర్ట్ చూపు పక్క గుడారం మీద పడింది. అది హార్లన్‌ది. పందొమ్మిదేళ్లుగా పక్కపక్కనే దిగుతున్నాం. ఏటా ఊరేగింపుకి మా అత్తగారిని చేయిచ్చి గుర్రం ఎక్కించేది అతనే. నిలువెత్తు మనిషి, ఎర్రటి గడ్డం.

"పోయినేడు రూబీ తర్వాత రెండో బహుమతి ఎవరికొచ్చింది? హార్లన్ భార్య గుర్రానికి" అన్నాడు డెల్బర్ట్ గొంతు తగ్గించి. "గడ్డం చూడు. పోయినేడు ఇంత ఒత్తుగా ఉందా?"

నేను ఆపేలోపే వెళ్లిపోయాడు. హార్లన్ పళ్లకత్తితో రొట్టె కోస్తున్నాడు.

"బూట్లు ఎందుకు తడిశాయి హార్లన్?"

"వాగు నుంచి నీళ్లు మోశాను. గుర్రాలు తాగుతాయి కదా."

"కళ్లెందుకు ఎర్రబడ్డాయి? ఏడ్చావా?"

"ఉల్లిపాయలు తరిగాను."

డెల్బర్ట్ నా వైపు విజయగర్వంతో చూసి, రెండు చేతులా హార్లన్ గడ్డం పట్టుకుని లాగాడు. అది చాలా గట్టిగా పాతుకుని ఉంది.

హార్లన్ కత్తిని జాగ్రత్తగా పక్కన పెట్టాడు. "మీ అమ్మ మొహం చూసి ఊరుకుంటున్నాను డెల్బర్ట్. భోజనాలవగానే మేం వెళ్లిపోతాం." ట్రైలర్ దగ్గరికి నడిచాడు.

ఒడెస్సా అంతా విన్నది. "తోక ఎలాగూ పోయింది. ఇప్పుడు నన్ను ఎక్కించే చెయ్యిని కూడా తరిమేశావు రా" అంది. రెండో బూటు కూడా విప్పేసింది.

ఇంకెవరైనా అయితే అక్కడితో సిగ్గుపడి ఊరుకునేవాడు.

"సాక్ష్యం కావాలి" అన్నాడు డెల్బర్ట్ నాతో. "మారువేషంలో నిఘా వేస్తాను."

పోయిన క్రిస్మస్‌కి చర్చి నాటకంలో గొర్రెల కాపరి వేషానికని నదీన్ కుట్టిచ్చిన గడ్డం, బొడ్డుదాకా వేలాడేది, ట్రైలర్‌లోంచి బయటికి వచ్చింది. జిగురు దట్టంగా పూసి అంటించుకున్నాడు.

"ఎలా ఉంది? గుర్తుపడతారా?"

"టోపీ మీద నీ పేరుంది బావా."

టోపీని వెనక్కి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, హార్లన్ ట్రైలర్ కనబడేలా, రూబీ పక్కన గడ్డిమోపు వెనక నక్కాడు. చిక్కుళ్ల కూరతో అయిదు మొక్కజొన్న రొట్టెలు తిన్న మనిషి. పది నిమిషాల్లో గడ్డిమోపు గురక పెట్టడం మొదలెట్టింది.

పావుగంటయ్యాక గురక ఆగింది. దాని బదులు నలిగిపోయిన గొంతు వినిపించింది. "హోయ్ట్... నేరస్థుడు నన్ను పట్టుకున్నాడు. త్వరగా రా."

పరిగెత్తాం. ఆ చివరన ఉండాల్సిన డీకన్ ఈ చివరికి వచ్చేసి, కళ్లు అరమోడ్చి, గడ్డాన్ని తీరిగ్గా నములుతోంది. గడ్డంతో పాటు డెల్బర్ట్‌ని కూడా లాగేస్తోంది. హార్లన్ చేతిలోని ట్రైలర్ గొలుసు పారేసి వచ్చి, దాని మూతి మూలన బొటనవేలు దూర్చాడు. నోరు తెరుచుకుంది.

గడ్డంలో కొరికిన అంచుని హార్లన్ రూబీ తోక పక్కన పెట్టి చూశాడు. అదే చిరుగు, అదే తడి.

"పళ్లున్నవాడే" అన్నాడు. "అది మాత్రం కరెక్టుగా చెప్పావు."

నదీన్ తల పైకెత్తి తాడు చూసింది. "అన్నయ్యా, గుర్రానికీ గుర్రానికీ మధ్య అడ్డుముడులేవి? పగ్గాలు ఈ చివర్నించి ఆ చివరికి జారుతున్నాయి కదా."

"ముడులేస్తే తాడు అందం పోతుందని..." అన్నాడు డెల్బర్ట్.

ఒడెస్సా ఉత్త కాళ్లతోనే నడిచి వచ్చింది. గడ్డాన్ని వేళ్లతో తడిమి చూసింది. "ఈ వెంట్రుకలు ఎక్కడివే నదీన్?"

"రూబీవే అమ్మా. నువ్వు దువ్వెనలోంచి తీసి సంచిలో దాచేదానివి కదా. అవే."

ఆవిడ రూబీ తోక వైపు తిరిగి చూసింది.

"డెల్బర్ట్, గడ్డం ఇలా ఇవ్వు."

జిగురు మంచి రకం. గడ్డం వచ్చింది, కింద కొంత డెల్బర్ట్ కూడా వచ్చాడు. డీకన్ కడుపులోకి పోయింది పిడికెడే. మిగతాదాన్ని నదీన్ నీలం రిబ్బనుతో పాయలు పాయలుగా తోకలో అల్లుతుంటే, హార్లన్ కదలకుండా పట్టుకున్నాడు. నేలకి తగల్లేదు గానీ, తోక తోకలా ఉంది. ఒడెస్సా కుర్చీ దగ్గరికెళ్లి రెండు బూట్లూ తొడుక్కుంది.

నాలుగింటికి హార్లన్ వంగి రెండు చేతుల వేళ్లూ పెనవేసి మెట్టులా పట్టాడు. ఆవిడ వాటి మీద కాలు మోపి జీను మీదికి చేరింది.

"వచ్చే అక్టోబరులో నేనెవర్ని ఎక్కించాలి?" అన్నాడు హార్లన్.

"నన్ను కుర్చీలోంచి లేపు. అదీ కష్టంగానే ఉంది."

పక్కనే డెల్బర్ట్ ఎర్రగా కందిన చుబుకంతో కేసు పుస్తకం నింపుతున్నాడు. "అంతా నా పథకం ప్రకారమే జరిగింది. ఎరగా నా గడ్డాన్నే వేశాను. నేరస్థుడు: డీకన్. ఉద్దేశం: కాలక్షేపం. సహకరించినవారు..." పెన్సిల్ ఆగింది. "దీన్ని ఖాళీగా వదిలేద్దాం హోయ్ట్."

"ఆ పుస్తకం ఇటివ్వరా" అంది పైనుంచి ఒడెస్సా.

జీను ముందున్న పిడికొమ్ము మీద పెట్టుకుని ఏదో రాసి, తిరిగిచ్చి, రూబీని అదిలించింది. కొత్త తోక ఊపుకుంటూ రూబీ వరసలోకి నడిచింది. నేను బావ భుజం మీదుగా తొంగిచూశాను. మూడో గడిలో మా అత్తగారి గుండ్రటి అక్షరాలు.

నా కొడుకు.