రెండు సైజులు పెద్ద హెల్మెట్

హెల్మెట్ తలకి పెట్టుకునే వస్తువని ఇంకా నమ్ముతున్న అమాయకుల్ని చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యలారా, అమ్మలారా, హెల్మెట్ కొనుక్కునే వస్తువు. కొన్నామా, మన బాధ్యత తీరిపోయింది. ఆపైన దాన్ని తలకెక్కించడం ఉత్త ఆర్భాటం!

మా బావమరిదికి ఊరి చివర ఇటుకల బట్టీ ఉంది. అక్కడి గుంటల్లో, మిట్టల్లో తిరగడానికి నాలుగు చక్రాల బండి ఒకటి కొన్నాడు. లావు టైర్లు, మోటార్‌సైకిల్ హ్యాండిలు, మట్టి కనిపిస్తే చాలు పూనకం. ఆదివారం వస్తే మా ఎనిమిదేళ్ళ అమ్మాయి దాని మీదే ఉంటుంది.

బండి ముందు ‘పదహారేళ్ళ లోపు పిల్లలు నడపరాదు’ అని హెచ్చరిక ఉండేది. చదివి పిల్ల బెదిరిపోతుందని మా బావమరిది దాని మీద పొద్దుతిరుగుడు పువ్వు స్టిక్కర్ అంటించాడు. పిల్లల మనసు సున్నితం కదండీ! పైగా తన కూతుర్ని కూడా వెనక ఎక్కించాడు. దానికీ ఎనిమిదే. ఇద్దరికీ కలిపి పదహారు. నియమాన్ని ఇంతకంటే గౌరవించినవాళ్ళు ఎవరైనా ఉంటే చూపించండి.

మా ఆవిడ పోరు పడలేక నేను హెల్మెట్ షాపుకి వెళ్ళాను.

“పాప తల కొలత తెచ్చారా?” అన్నాడు షాపతను.

“కొలతెందుకయ్యా? రెండు సైజులు పెద్దదివ్వు. ఎదిగే పిల్ల.”

తల ఊపితే హెల్మెట్ కదలకూడదని అతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పొదుపు తెలియని మనిషి! చొక్కా అయినా, చెప్పులైనా మా ఇంట్లో ఇదే పద్ధతి. చిన్నప్పుడు బూట్లలో దూది కుక్కుకుని నేను ఐదేళ్ళు బడికి నడిచాను. పాడైపోయానా? రెండు వేళ్ళు వంకరపోయాయి, అంతే.

ఇంటికి తెచ్చి పెడితే అది పాప ముక్కు మీదికి జారింది.

“దారి కనపడట్లేదు నాన్నా.”

“వెనక్కిచ్చేసి చిన్నది తీసుకురండి,” అంది మా ఆవిడ.

తల్లీకూతుళ్ళిద్దరికీ దూరదృష్టి లేదు. రెండేళ్ళు ఓపిక పడితే అదే సరిపోతుందని చెప్పి, అద్దం మీద ప్లాస్టిక్ కాగితం కూడా పీకకుండా షోకేసులో పెట్టాను.

ఆ తర్వాత చూడాలి మా వైభవం! ఇంటికొచ్చినవాళ్ళంతా “పిల్ల విషయంలో ఎంత జాగ్రత్తండీ మీకు” అనేవాళ్ళు. అదే తలకి పెట్టుకుంటే ఏముంది? చెమట, దురద, చెదిరిపోయిన జడ. షోకేసులో ఉంటే పదిమందిలో మర్యాద.

ప్రతి ఆదివారం బట్టీకి బయల్దేరే ముందు పాప దాన్ని తీసి ఒకసారి పెట్టుకుని, తల ఊపి చూసుకునేది. లొడలొడమనేది. “ఇంకా సరిపోలేదు నాన్నా,” అని జాగ్రత్తగా మళ్ళీ షోకేసులో పెట్టి బండెక్కడానికి వెళ్ళేది. ఎంత బుద్ధిమంతురాలో!

పోయిన ఆదివారం బండి మిట్టెక్కబోయి పల్టీ కొట్టింది. మా బావమరిది కూతురు తడి మట్టిలో పడి లేచి నిలబడింది. మా అమ్మాయి ఇటుకల మీద పడింది. తల మీద పదకొండు కుట్లు పడ్డాయి.

“హెల్మెట్ లేదా?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఉందండీ, ఇంట్లో,” అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. తల దించుకుని మందుల చీటీ రాయసాగింది. నాలుగు తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడో రోజు ఇంటికి తీసుకొచ్చాం. తల చుట్టూ ఇంత మందాన కట్టు. పాప తిన్నగా షోకేసు దగ్గరికి వెళ్ళింది. వాళ్ళమ్మ “వద్దమ్మా, నొప్పెడుతుంది” అనేలోగా రెండు చేతులతో హెల్మెట్ తీసి, కట్టు మీద నెమ్మదిగా పెట్టుకుంది. తల కొంచెం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కదల్లేదు.

“ఇప్పుడు సరిపోయింది నాన్నా,” అంది.