మా సంఘం ఒక నవలను కనుగొన్న వైనం

మా భవన సంఘం ఒక గొప్ప తొలి నవలను కనుగొన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నీటి మోటారు, లిఫ్టు, చెత్తబుట్టల సంగతులు చూసే సంఘమే ఆదివారం సాయంత్రాలు పఠన సంఘం అవుతుంది. కుర్చీలు అవే, అధ్యక్షులవారూ వారే. నవలను పుస్తకాల షాపులో అడుగు అరలోంచి బయటికి లాగింది నేను. కానీ మా దగ్గర ఎవరు ఏది కనుగొన్నా అధ్యక్షులవారే కనుగొన్నట్టు. బడికి పోకుండా పొట్లాల కాగితాల మీద చదువు నేర్చినదాన్ని, నాకు అభ్యంతరం లేదు.

రాసింది ఒక కొత్త అమ్మాయి. అచ్చువేసింది సైకిల్ షాపు మీద ఒక్క గదిలో ఉండే చిన్న ప్రచురణకర్త. యజమానీ గుమాస్తా మూటలు మోసే మనిషీ అతనే. కథ చిన్నది. ఒకరికొకరు ఏమీ కాని నలుగురు ఒక అద్దె ఇంట్లో చేరి, చివరికి ఒకరిని విడిచి ఒకరు ఉండలేని కుటుంబం అవుతారు. పక్కింట్లో ఎవరు చెప్పులు వేసుకుంటున్నా, ఇక తిరిగి రారేమోనని గుండె దడదడలాడే మనిషిని నేను. నాకు నచ్చడంలో వింత లేదు. సంఘానికి నచ్చడమే విశేషం.

సాహిత్యం మీది ప్రేమకొద్దీ సంఘం ఒక ప్రతి కొన్నది. మా పద్ధతి ప్రకారం దాన్ని బ్లేడుతో కోసి, హోదానుబట్టి తలా కొన్ని పేజీలు పంచుకున్నాం. ఎవరి వాటా వారు చదివి, సభలో మొత్తం నవల గురించి మాట్లాడతారు. దీనివల్ల కాలం కలిసొస్తుంది, అభిప్రాయభేదాలు రావు. కోయకముందే నేను పుస్తకమంతా చదివేశాను. క్రమశిక్షణ చర్యకు భయపడి ఆ సంగతి దాచాను.

మొదటి అధ్యాయం అధ్యక్షులవారిది. అందులో నలుగురూ వానకు బస్‌స్టాపులో తలదాచుకుంటారు కనుక, ఇది రవాణా సమస్యపై వచ్చిన ఉత్తమ నవల అని ఆయన సెలవిచ్చారు. వంటింటి తగాదాలు దక్కిన కోశాధికారి హాస్యాన్ని మెచ్చుకున్నారు. చివరి పేజీలు కార్యదర్శిగారివి. నలుగురిలో పెద్దావిడ జబ్బు పడితే మిగతా ముగ్గురూ ఆస్పత్రి గుమ్మంలో నిలబడి "మేమే ఆవిడ మనుషులం" అంటారు. అది చదువుతూ కార్యదర్శి ఏడ్చారు. ఆయన ఏడ్చారని మేమూ ఏడ్చాం. అతిథిగా వచ్చిన ప్రచురణకర్త అందరి చేతుల్లోని ముక్కలను చూసి, తన పుస్తకం ఇన్ని చేతుల్లో పడడం ఇదే మొదటిసారని చెప్పి, నీళ్లు అడిగాడు.

"కుటుంబమంటే రక్తం కాదు, అనురాగం" అని ఏకగ్రీవంగా తీర్మానించి, రెండో అంశానికి వచ్చాం.

రెండో అంశం మూడో అంతస్తు. అక్కడ నర్సమ్మ, టైలరమ్మ ఉంటారు. ఇల్లు నర్సమ్మది. టైలరమ్మ ఏళ్లకిందట కుట్టుకు గుడ్డ తీసుకోవడానికి వచ్చి, వాన వెలిశాక వెళ్దామని కూర్చుని, ఉండిపోయింది. ఇప్పుడు నర్సమ్మకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, ఆస్పత్రిలో ఉంది. ఆమె ఇంటి మనిషి ఎవరో సంఘమే చెబితే వారితోనే పంపిస్తామని ఆస్పత్రివాళ్లు కబురు పెట్టారు. ఆమె తమ్ముడి కొడుకు వచ్చాడు. అత్తను ఏదో ఆశ్రమంలో చేర్చి, ఇల్లు అద్దెకిస్తాడట. అత్త ఏ అంతస్తులో ఉంటుందో వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకున్నాడు. రక్తసంబంధానికి అంతస్తు గుర్తుండాలన్న నియమం లేదు.

టైలరమ్మ సభకు వచ్చి, కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"నేను ఆవిడకి ఏమవుతానని అడుగుతున్నారు. ఏమీ కానండీ. పొద్దున్నే ఆవిడ టీ పెడితే నేను తాగుతా, రాత్రి నేను వండితే ఆవిడ తింటుంది. ఉప్పు ఎక్కువైందని తిట్టి మరీ తింటుంది. ఇప్పుడు తిట్టడానికి మాట లేదు. ఏది ఎక్కువైందో ఆ ముఖం చూసి నాకు తెలుస్తుంది, ఆశ్రమంలో వాళ్లకి తెలీదు. ఇంటికి పంపమని ఒక్క మాట చెప్పండి చాలు."

అధ్యక్షులవారు చాలా ఆప్యాయంగా నవ్వారు. "అది నవలమ్మా. ఇది సంఘం."

నేను లేచి చివరి అధ్యాయం గుర్తు చేశాను. అది నా వాటా కాదు గనుక మాట్లాడే అర్హత లేదన్నారు. వాటాదారు కార్యదర్శి ఇంకా తడిగానే ఉన్న కళ్లు తుడుచుకుని, నవలలో పెద్దావిడకు తమ్ముడి కొడుకు లేడన్న కీలకాంశాన్ని సభ దృష్టికి తెచ్చారు. మొదటి తీర్మానం సాహిత్యానికి మాత్రమే వర్తిస్తుందని ఒక సవరణ చేర్చి, తమ్ముడి కొడుకే ఇంటి మనిషని ఆస్పత్రికి రాసి, ఇంటి తాళంచెవి అతనికి అప్పగించారు.

నర్సమ్మను ఆశ్రమానికి తరలించాక, టైలరమ్మ కుట్టుమిషన్ ఆటోలో ఎక్కుతుంటే సభ్యులందరూ కిందికి దిగి వచ్చారు. అచ్చం నవలలాగే ఉందని అధ్యక్షులవారు గద్గదస్వరంతో అన్నారు. నర్సమ్మను ఏ ఊరి ఆశ్రమంలో చేర్చారని టైలరమ్మ అందరినీ పేరుపేరునా అడిగింది. పరాయివాళ్ల కుటుంబ విషయాలు ఆరా తీయడం మర్యాద కాదని మాలో ఎవరూ కనుక్కోలేదు.

ప్రస్తుతం మూడో అంతస్తు ఇల్లు ఖాళీగా ఉంది. గాలీ వెలుతురూ బాగుంటాయి. కుటుంబాలకు మాత్రమే ఇవ్వబడును. ఇంతదాకా చదివి కళ్లు చెమర్చినవారికి ప్రాధాన్యం.