ఓడిపోవడానికి వెళ్ళిన ఆంజనేయప్ప

ఆదివారం పొద్దున్నే రాగిముద్ద మింగి, తలకు రుమాలు చుట్టి ఆంజనేయప్ప బాగేపల్లికి బయలుదేరాడు. తాలూకాకు పెద్ద అధికారి అయిన అమల్దారుతో చదరంగం ఆడాలి. ఆడి, ఓడిపోవాలి.

ఓడడం అతనికి చేతగాని విద్య. చిన్నప్పుడు అవ్వ యశోదమ్మ కుడిచేత్తో తిరగలి తిప్పుతూ ఎడమచేత్తో ఎత్తు వేసేది. నేలమీద బొగ్గు గడులు, చింతగింజల బంట్లు. మనవడు ఒక బంటును ఊరికే పోగొట్టుకుంటే ఆ పూట ముద్దలోకి ఒక గరిటె చారు తగ్గించేది. కడుపు మాడి నేర్చిన ఆట ఎక్కడికి పోతుంది? మీసం మొలవకముందే అవ్వకు ఆటకట్టు చెప్పాడు. ఆ తర్వాత చింతామణి సంతలోనైనా, చిక్కబళ్ళాపురం సత్రంలోనైనా అతని ఎదుట కూర్చున్నవాడే తల గోక్కుంటూ లేచేవాడు.

కానీ తన పల్లెలో కింద వీధికి బావి లేదు. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని మైలు దూరం నడుస్తున్నారు. అర్జీలు రాశాడు, కచేరి ముందు గొంతు చించుకున్నాడు. అమల్దారు గంగాధరప్ప “చూద్దాం” అనే మాట దాటలేదు. అప్పుడు బామ్మర్ది సీనప్ప ఉపాయం చెప్పాడు.

“ఆయప్పకు చదరంగం పిచ్చి ఉండాది బావా. నువ్వు ఓడిపో, ఖుషీలో సంతకం గీకేస్తాడు. గెలిచినావో, బావి గోవిందా!”

“ఓడేది గూడా ఒక పనా? కండ్లు మూసుకోని ఓడతా, పద.”

అమల్దారు ఇల్లు బస్టాండుకు ఎదురుగానే. అరుగుమీద చదరంగం పలక పెట్టారు. ఆంజనేయప్ప తన ఏనుగును తీసుకెళ్ళి అమల్దారు బంటు నోటికి అందించాడు. అమల్దారు దాన్ని తేరిపార చూసి, ఇంకో మూల గుర్రాన్ని జరిపాడు. ఈయన మంత్రిని బలికి నిలబెడితే ఆయనా తన మంత్రిని తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఎవరూ ఎవరినీ చంపరు.

చింతామణి బస్సు కోసం కాచుకున్న శనక్కాయల వ్యాపారులు తొంగి చూశారు.

“ఏనుగును వద్దన్నాడంటే యాడో వల పన్నినాడప్పా!”

“పల్లెటూరాయన తక్కువోడా? ఏనుగును ఎరేసినాడు చూడు!”

బస్సు వచ్చింది, పోయింది. ఎవరూ ఎక్కలేదు. పైగా దిగినవాళ్ళు కూడా వచ్చి చేరారు. ఎండ ముదిరింది. దప్పిక అన్నవాడికల్లా, బావ వెంట వచ్చిన సీనప్ప తన సొంత ఇల్లయినట్టు లోపలినుంచి చెంబులు అందించాడు.

చివరికి విసిగిపోయి ఆంజనేయప్ప తన రాజును దిక్కులేకుండా వదిలి, కాపలా గుర్రాన్ని అవతలికి దూకించాడు. జనం గొల్లుమన్నారు.

“ఆటకట్టు!”

నిజమే. ఆ గుర్రం గురి అమల్దారు రాజుమీద పడింది; ఆ రాజునేమో ఆయన తన పరివారంతోనే చుట్టేసుకున్నాడు. కదలడానికి ఒక్క గడి లేదు. ఆంజనేయప్ప తల పట్టుకున్నాడు. అమల్దారు మాత్రం ఎగిరి అతని చేయి పట్టుకున్నాడు.

“గెలిచినారు! మనసు నెమ్మదాయె గదా? ఇంగ సంతోషంగా పోయి రండి. బావి వచ్చే ఏడు చూద్దాం.”

“అయ్యో స్వామీ, నేను ఓడిపోవాలని వస్తినే!”

“నేనూ అందుకే కూర్చుంటి! మీరు ఓడితే నా వాకిట్లోనే సత్యాగ్రహం పెడతారని ఊరంతా చెప్పుకుంటాండారే!”

వ్యాపారులు భగ్గుమన్నారు. “బస్సు వదులుకోని, ఎండలో ఎండి మేము చూసింది దొంగాటా? ఇంగొక ఆట పడల్ల! నిజం ఆట చూసేదాకా కదిలేది లేదు!” అని వాకిట్లోనే బాసింపట్లు వేశారు. ఇంకో నలుగురు నీళ్ళడిగారు.

అప్పుడు లోపలినుంచి ఖాళీ బిందె దొర్లుతూ వచ్చింది. వెనకే అమల్దారు భార్య వనజాక్షమ్మ.

“చుక్క నీళ్ళు లేవు. పొయ్యిమీద ఎసరు గూడా తాగేసినారు. ఏమప్పా, నీకు ఏం కావల్ల?”

“బావి తల్లీ. కింద వీధికి.”

“అర్జీ యాడ?”

ఆంజనేయప్ప రొంటినుంచి తీశాడు. ఆమె పలకమీది రాజులను, మంత్రులను ఒక్క చేత్తో పక్కకు ఊడ్చి, కాగితం పరిచి, మొగుడి చేతిలో కలం పెట్టింది.

“పెట్టండి సంతకం. లేకుంటే ఈ జనానికి మీరే నీళ్ళు మోయండి.”

అమల్దారు పెట్టేశాడు.

ఆ రోజు ఆ అరుగుమీద గెలవాలని ఎత్తు వేసింది ఆమె ఒక్కతే.