అత్తబోర్డు

ఎల్లేశం అంటే జడ్చర్లలో ఎవరికీ తెలియదు. ఎస్‌సార్ ఎల్లేశం అంటే మాత్రం బస్టాండు దగ్గర చాయ్ అమ్మేవాళ్ళు కూడా ఇల్లు చూపిస్తారు. ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో అటెండరుగా చేసి, అడిగింది అర్థమయ్యేలోపే "ఎస్ సార్" అనడం నేర్చిన మనిషి. రిటైరయ్యాక కూడా అది పోలేదు. మొన్నామధ్య దవాఖానలో నర్సు కాగితాలు తారుమారై, తలెత్తకుండా "ఇది రెండో కాన్పేనా?" అని అడిగితే "ఎస్ సార్" అన్నాడు.

ఆ అలవాటే ఈసారి అతని కొంప ముంచింది.

వానాకాలంలో పిడుగు పడి ఇంట్లో కంప్యూటరు చచ్చిపోయింది. లోపల మదర్‌బోర్డు కాలిందన్నారు. ఎల్లేశం కొత్తది తెచ్చి, తానే బిగిస్తానని చాప పరుచుకుని కూర్చున్నాడు.

"మెకానిక్ గోపీకృష్ణను పిలువరాదు?" అన్నది భార్య యాదమ్మ.

"ఎందుకే? ఆఫీసుల ఇరవై కంప్యూటర్లు నా చేతుల మీదికెళ్ళే నడిచినయి."

"నువ్వు నడిపినవా, తుడిచినవా?"

"తుడిచినోనికే మూల మూల ఎరుక."

"మదర్ అంటే అమ్మనే గద? మా అమ్మ పాట గా కాలిన బోర్డులనే ఉందా?"

"పాట దాని పక్కనున్న హార్డ్‌డిస్కు డబ్బాల ఉన్నది, ఫికర్ జెయ్యకు. నీకు మదరు గాని, నాకైతే ఇది అత్తబోర్డు. ఎంత మొక్కినా మాట వినదు."

యాదమ్మ నవ్వలేదు. ఆమె తల్లి నాగులమ్మ పోయి ఏడాది కావస్తోంది.

చివరి నాలుగేళ్ళు నాగులమ్మ ఈ ఇంట్లోనే ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అల్లుడి మీద పాటలు కట్టేది. ఎల్లేశం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఆ రేడియో జర బందు పెట్టుమను" అని గొణిగేవాడు. ఒకరోజు, తన గొంతు తానే వింటే సిగ్గుపడి మానేస్తుందని, చాటుగా కంప్యూటర్లో రికార్డు చేసి వినిపించాడు. ముసలామె స్పీకరు చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విని, "మంచిగుంది బిడ్డా, ఇంకోసారి పెట్టు" అన్నది. ఆమె గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే.

సంవత్సరీకం ఆదివారం. కట్టంగూర్ నుంచి యాదమ్మ చెల్లెలు, మేనమామ వస్తున్నారు. అమ్మ పాట వినిపిస్తానని యాదమ్మ అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

కొత్త బోర్డు బిగించాడు. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. వైర్లు పీకి పెట్టాడు, ఊదాడు, అగర్‌బత్తి వెలిగించాడు. రెండు రోజులు అదే వరస. మూడో రోజు యాదమ్మ సంతకు పోయినప్పుడు ర్యామ్ అనే వేలెడు పట్టీని తీసి టక్కుమనేదాకా నొక్కితే, తెర వెలిగింది.

వెలిగి, ఇంగ్లిషులో ఏదో అడిగింది. ఎల్లేశం అర్థమయ్యేదాకా ఆగలేదు. ఎస్ అన్న చోట నొక్కాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎస్. ఇంకోసారి అడిగింది, ఇంత మర్యాదగా తనను ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదనుకుంటూ ఇంకోసారి నొక్కాడు. గంట తర్వాత కంప్యూటరు పాతవన్నీ చెరిపేసుకుని, కడిగిన పళ్ళెంలాగా తయారైంది. ఫొటోలు లేవు, పాట లేదు.

గోపీకృష్ణకు ఫోన్ చేశాడు. "ఎవరో ఒకాయన అన్ని చెరిపేసుకున్నడంట. తిరిగొస్తయా?"

"చెరిపి మళ్ళా విండోస్ మొత్తం ఎక్కించుకున్నడా? ఇగ రావు కాక."

అత్త పోయినరోజు రాని ఏడుపు ఎల్లేశానికి ఇప్పుడొచ్చింది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే, ర్యామ్ పట్టీ పీకి, తన గడ్డం గీసుకునే డబ్బాలో దాచి, నల్ల తెర ముందు మొహం వేలాడేసుకున్నాడు.

"వచ్చిందా?"

"రాలే."

"నిన్న గూడ రాలే."

"నిన్న రానిది వేరే, ఇయాల రానిది వేరే."

ఆ మాట మీద నాలుగు రోజులు నెట్టాడు. పొద్దున లేచి డబ్బా విప్పడం, ఊదడం, నిట్టూర్చడం. ఆదివారం దాటితే ఏదో ఒకటి చెప్పొచ్చని అతని ఆశ. గోపీకృష్ణను పిలుస్తానని యాదమ్మ అంటే, అతను షాద్‌నగర్ పోయాడన్నాడు. ఊదీ ఊదీ దవడలు వాచాయి. తెర రాకుండా చూసేందుకు ఇంత కష్టపడ్డవాడు లోకంలో ఇంకొకడు ఉండడు.

ఆదివారం పొద్దున, చుట్టాలు రాకముందు, యాదమ్మ చాయ్ గ్లాసు అతని పక్కన పెట్టి కూర్చుంది.

"ఏందయ్యా, ఇంకెన్ని దినాలు మా రాముణ్ని నీ గడ్డం డబ్బాల అరణ్యవాసం ఉంచుతవ్?"

ఎల్లేశానికి చాయ్ గొంతులో అడ్డం పడింది.

"బుధవారం నాడే గోపీకృష్ణకు ఫోన్ జేసిన. షాద్‌నగర్ లేదు, ఏం లేదు, దుకాణంలనే ఉన్నడు. ర్యామ్ మంచిగ గుచ్చి చూడక్కా అన్నడు. రాత్రి నువ్వు పండుకున్నంక విప్పి చూస్తె అసలుకే లేదు. దేవులాడి దొరకబట్టి పెట్టిన. తెర వచ్చింది." ఆమె గొంతు తగ్గింది. "అంత చూసిన. అమ్మ లేదు. మళ్ళ తీస్కపోయి నీ డబ్బాలనే పెట్టిన."

"మరి నన్ను తిట్టకపోతివి?"

"నువ్వే చెప్తవేమోనని చూసిన. రోజు గట్ల ఊదుతుంటె, పాపం అనిపిచ్చింది. బాత్‌రూంల నల్లా ఇడిసి ఏడ్సిన."

ఎల్లేశం తల దించుకున్నాడు. "నేనే చంపుకున్న యాదమ్మా. ఎస్ అని నేనే నొక్కిన."

"ఎరుకనే. ఇగ పాడు."

"ఏంది?"

"అమ్మ పాట. నాకు రెండు చరణాలకు మించి యాదికి లేవు. తిట్లన్ని నీ మీదనే గద, నీకు మొత్తం ఉంటది. పాడతవా లేదా?"

"ఎస్ సా..." అని నాలుక కరుచుకున్నాడు.

చుట్టాలు వచ్చారు. దండ వేసిన నాగులమ్మ ఫొటో పక్కన నల్ల తెర, తెర ముందు ఎల్లేశం. పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చీలిన గొంతుతో మొదలుపెట్టాడు:

"బజారుకు పోయిండమ్మ నా అల్లుడు
సంచి తెచ్చిండమ్మ, కూర మరిసిండు
తాళమేసి వచ్చిండమ్మ నా అల్లుడు
తాళంచెవి ఇంట్లనే ఇడిసి వచ్చిండు..."

మేనమామ పడీపడీ నవ్వాడు. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం పద్నాలుగు చరణాలు ఒక్క ముక్క పొల్లుపోకుండా పాడాడు. పదిహేనోది అందుకున్నాడు:

"ముక్కు మీద కోపమమ్మ నా అల్లునికి
ముద్ద నాకు పెట్టనిదె..."

అక్కడ ఆగిపోయాడు. రెండుసార్లు ఎత్తుకున్నా చరణం ముందుకు సాగలేదు. మంచం పట్టిన ఆర్నెల్లు అత్తకు అన్నం కలిపి పెట్టింది అతనే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆమె మాత్రం మంచంలోనే ఆ చరణం కట్టి పాటలో కలిపింది. మిగిలిన సగం చరణం యాదమ్మకు గుర్తొచ్చింది:

"...ముద్ద నాకు పెట్టనిదె తాను తినడమ్మా."

యాదమ్మ కళ్ళు తుడుచుకుని, నల్ల తెర వైపు కాకుండా మొగుడి వైపు చూసి అన్నది:

"మంచిగుంది. ఇంకోసారి పెట్టు."

"ఎస్ సార్" అన్నాడు ఎల్లేశం. ఈసారి నాలుక కరుచుకోలేదు.