స్థానిక పక్షికి వర్తించదు

మూతపడిన రంగుల ఫ్యాక్టరీ స్థలంలో పక్షుల విహార కేంద్రాన్ని ప్రారంభిస్తూ మంత్రిగారు చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోతుందని అందరికంటే ముందు అన్నది నేనే. "ఎక్కడెక్కడి నుంచో అలసి వచ్చే వలస పక్షులకు మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. నీడ, మేత, గౌరవం మేమిస్తాం" అన్నారాయన. నేను ఆ ఫ్యాక్టరీలో పాతికేళ్ళు రంగులు కలిపినవాణ్ణి. మా కాలనీ కాకులు కొన్నాళ్ళు నీలంగా తిరగడం చూసినవాణ్ణి. ఆ విషపు నేల మీద మంచి మట్టి పరిచి, గడ్డి నాటి, మడుగు తవ్వి, ఎక్కి చూడటానికి మంచె కూడా కట్టించిన ప్రభువును చూస్తే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో పడింది: "వలస పక్షులకు మంత్రి ఆహ్వానం."

పొద్దున్నే నేనూ మా ఆవిడా బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని వెళ్ళేసరికి గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. మొదటి కారులోంచి ప్రతిపక్ష కార్పొరేటర్ ఒకాయన దిగాడు.

"చేరడం ఇక్కడేనాండీ?"

"ఎందులో?"

"పేపర్లో వేశారుగా. నీడ, మేత, గౌరవం" అన్నాడాయన వేళ్ళు మడుస్తూ. "మేత సంగతి ఎవరితో మాట్లాడాలి?"

పరుగున వచ్చిన పీఏ తల పట్టుకున్నాడు. వెనకే వచ్చిన మంత్రిగారు మాత్రం తొణకలేదు. "గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పొమ్మంటామా? కండువాలు తెప్పించు" అన్నారు. పెద్దమనసంటే అదీ. మధ్యాహ్నానికల్లా మంచె కిక్కిరిసిపోయింది. ఎక్కినవాళ్ళందరూ బైనాక్యులర్స్ పెట్టుకుని, ఇంకా ఎవరెవరొస్తున్నారా అని రోడ్డు వైపే చూస్తున్నారు. మడుగు వైపు చూసినవాడు లేడు.

కేంద్రానికి వేసిన పక్షుల ఆఫీసరు మంత్రిగారికి శాస్త్రం చెప్పాడు.

"సార్, వలస పక్షి కాలికి రింగు తొడుగుతాం. ఎగిరిపోతే మళ్ళీ ఎక్కడ వాలిందో తెలుస్తుంది."

"బంగారపుదా?"

"అల్యూమినియం సార్."

"మరి ఎగిరిపోక ఏం చేస్తుందయ్యా" అన్నారు మంత్రిగారు. సాయంత్రం కొత్తగా వచ్చినవాళ్ళందరి వేళ్ళకీ పార్టీ గుర్తు చెక్కిన బంగారు ఉంగరాలు తొడిగారు.

ఇక్కడ మా ఆవిడ గొడవ ఒకటి చెప్పాలి. గేటు పక్కన కంకరలో ఒక తీతువు గుడ్లు పెట్టింది. తీతువు గూడు కట్టదు. రాళ్ళ మధ్య రాళ్ళలా కనిపించే గుడ్లు పెట్టి, ఎవరు దగ్గరికొచ్చినా గొంతు చించుకుని అరుస్తుంది. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఆ నేల మీద ఏ పిట్టా పిల్లల్ని చెయ్యలేదు. "ఇవి పిల్లలైతేనే ఈ నేల బాగుపడిందని నమ్ముతాను" అని మా ఆవిడ పట్టుబట్టి రోజూ కాపలా కాస్తోంది. కార్లు పెరిగిపోయాయి కాబట్టి సరిగ్గా ఆ కంకర మీదే రోలరు నడిపి పార్కింగ్ చెయ్యమని ఆర్డరొచ్చింది.

ఆవిడ తిన్నగా మంత్రిగారి దగ్గరికే వెళ్ళింది. "ఒక్క వారం ఆగండి బాబూ. గుడ్లు పొదుగుతోంది."

ఆయన చెవులు మూసుకున్నారు. "ఏంటమ్మా ఆ అరుపు? ప్రతిపక్షంలో ఇంకా ఎవరైనా మిగిలారా?"

"పిట్టండీ. తీతువు."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఎక్కణ్ణించీ రాలేదండీ. ఇక్కడిదే."

మంత్రిగారు ఆఫీసరు వైపు చూశారు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "స్థానిక పక్షి సార్. మన పథకం వలస పక్షులకే. దీనికి వర్తించదు."

"విన్నావుగా తల్లీ. నా చేతుల్లో ఏముంది?" అన్నారు మంత్రిగారు ఎంతో బాధపడుతూ.

ఆ మాట మా ఆవిడకంటే, వెనక నిలబడ్డ జెండా బాబాయ్‌కి ఎక్కువ తగిలింది. పార్టీ పుట్టిన నాటి నుంచి జెండా మోస్తున్న మనిషి. మోసీ మోసీ కాలనీలో పేరే అదైపోయింది. ఈ కేంద్రానికి ఛైర్మన్ని చేస్తామని ఆయనకి మాటిచ్చి, ఆ పదవి కాస్తా నిన్నగాక మొన్న చేరిన కార్పొరేటర్‌కి కట్టబెట్టారు.

"అమ్మాయ్, నేనూ స్థానిక పక్షినే" అన్నాడు మా ఆవిడతో. వెళ్ళి భుజం మీది జెండా కర్రని గుడ్ల పక్కన కంకరలో దిగ్గొట్టాడు.

రోలరు డ్రైవరు చూసి ఇంజను ఆపేశాడు. "పార్టీ జెండా పీకే ధైర్యం నాకు లేదండీ. పిల్లలు గలవాణ్ణి." ఆఫీసరుకీ లేదు. మా ఆవిడ ఆ రోజు బాబాయ్‌కి రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

గుడ్లు రేపో మాపో పగులుతాయనగా మంత్రిగారు వలస వెళ్ళారు. పైన గాలి మారుతోందని ఆయనకి అందరికంటే ముందే తెలిసిందట. అంత దూరపు చూపున్న మనిషికి బైనాక్యులర్స్ దేనికి? పార్టీ మారినా మంత్రి పదవి మాత్రం మారలేదు. ఉంగరాలవాళ్ళంతా గుంపుగా ఆయన వెంటే నడిచి, తమ సొంత గూటికి చేరారు. ఉంగరాలు తీయలేదు. గుర్తుని అరచేతి వైపుకి తిప్పుకున్నారు.

మర్నాడు రోలరు మళ్ళీ వచ్చింది. "ఇప్పుడా జెండా మనది కాదటండీ. దాంతోపాటు తొక్కించెయ్యమన్నారు" అన్నాడు డ్రైవరు. మా ఆవిడ రోలరుకి అడ్డంగా నిలబడింది. ఆవిడ కాళ్ళ వెనక ఒక గుడ్డు బీటలిచ్చి, అందులోంచి చిన్న ముక్కు ఆడుతోంది.

బాబాయ్ కాసేపు ఆ ముక్కునీ, కాసేపు జెండానీ చూశాడు. కర్ర నుంచి గుడ్డ విప్పి, మడిచి, చొక్కా లోపల పెట్టుకుని ఎదురు పార్టీ ఆఫీసు వైపు వెళ్ళాడు. వాళ్ళ జెండా తెచ్చి అదే కర్రకి కట్టాడు. ముడి వేశాక చొక్కా లోపలి గుడ్డని ఒకసారి తడుముకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు ఇంజను ఆపి, కొత్త జెండాకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పిల్లలన్నీ బయటికొచ్చి, తల్లి వెనక కార్ల కిందినుంచి నడుచుకుంటూ మడుగు చేరాయి. అదే సమయానికి మంత్రిగారు కారు దిగి బాబాయ్‌ని కౌగిలించుకున్నారు. "ఇన్నాళ్ళకి వలస వచ్చావయ్యా" అని వేలికి ఉంగరం తొడిగి, అక్కడికక్కడే ఛైర్మన్ని చేశారు.

విలేకరి మైకు పెట్టాడు. "ఇన్నేళ్ళ తర్వాత పార్టీ ఎందుకు మారారు సార్?"

బాబాయ్ మడుగు వైపు చూశాడు. "పిల్లల కోసం" అన్నాడు.

మర్నాడు పేపర్లో పడింది: "నా పిల్లల భవిష్యత్తు కోసమే పార్టీ మారాను: సీనియర్ నేత." బాబాయ్‌కి పెళ్ళే కాలేదు.