యాభై ఎనిమిది కిలోల అర్సెనియో

ఆ సోమవారం పొద్దున అర్సెనియో వేసుకున్న పథకం చిన్నదే: బెల్లం పానకంలో చీజు ముక్క వేసుకుని తాగడం, సైకిలు మీద శిలువ కొండ ఎక్కడం, ఫోనులో అంకె చూసుకోవడం. ఆదివారం కార్మెన్ మాత పండగ. మాత పటం సైకిలుకు కట్టుకుని ఊరి సైకిళ్ల ఊరేగింపుకు ముందు సాగేవాడిని ఈసారి ఆ అంకెను బట్టే ఎంచుతామని సంఘం పెద్ద ఫిదెన్సియో ప్రకటించాడు.

పెడలు తొక్కే బలాన్ని ఒంటి బరువుతో భాగిస్తే వచ్చేది ఆ అంకె. బలం పెంచాలంటే నెలలు పడుతుంది. బరువు తగ్గించడానికి ఒక వేలు చాలు. తొంభై ఒక్క కిలోల అర్సెనియో ఫోనులో యాభై ఎనిమిది అని నొక్కి, చెయిను చూసుకునే నెపంతో మూడుచోట్ల దిగి, కొండెక్కి వచ్చాడు. అంకె అద్భుతంగా వచ్చింది.

భార్య లియోనిల్డ తొంగి చూసింది. "యాభై ఎనిమిదా? అది మీ పన్నెండో ఏటి బరువండీ."

ఫిదెన్సియో కంటికంటే యంత్రాన్ని నమ్మే రకం. అంకెనూ బరువునూ రొట్టెల దుకాణం గోడకు అంటించాడు. మధ్యాహ్నానికల్లా అర్సెనియో తల్లి దోన్యా ఎడెల్మిరా రెండు కోళ్లతో దిగింది. కొడుకు గుమ్మం నిండా నిలబడి ఉన్నా ఆమె గోడమీది కాగితాన్నే నమ్మింది.

"ఇది బలుపు కాదు, వాపు. నా బిడ్డకు ఇంత పెట్టడానికి నీకు చేతులు రాలేదా అమ్మాయ్?"

లియోనిల్డ మొగుడివైపు చూసింది. నిజం చెబితే పటం పోతుంది. అతను చారు గిన్నెలోకి చూశాడు.

ఇక ఊరు కదిలింది. పక్కింటి నుంచి ఎముకల చారు, మేనత్త నుంచి పంది వేపుడు, ఫాదరుగారి వంటామె నుంచి జామపండు హల్వా. వద్దంటే అనుమానం వస్తుందని ఆరు రోజులూ తిన్నాడు. బజారులో లియోనిల్డను పలకరించేవాళ్లు కరువయ్యారు.

ఆదివారం, యాభై ఎనిమిది కిలోల మనిషికని కుట్టించిన చొక్కా అర్సెనియో బొడ్డు దాకా కూడా దిగలేదు. ఫిదెన్సియో అతన్ని సంతలో బంగాళాదుంపల కాటా ఎక్కించాడు. ఆ కాటాకు మొహమాటం తెలియదు. తొంభై ఏడు.

భాగహారం అక్కడే, అందరి ముందూ జరిగింది. పటం డెబ్బై ఏళ్ల పాలాయన సైకిలుకు వెళ్లింది. అర్సెనియోకు వెనకాల వచ్చే వ్యానులో, అరటి గెలల మధ్య చోటు దొరికింది. ఆరు రోజుల నింద ఇప్పుడైనా దిగిందనుకుని లియోనిల్డ తలెత్తింది.

ఎడెల్మిరా కాటా ముల్లును రెండోసారి చూసి, కోడలివైపు తిరిగింది.

"ఇంతలా మేపితే వాడు కొండలెలా ఎక్కుతాడమ్మాయ్?"

ముల్లు ఎటు ఊగినా చివరికి లియోనిల్డ దగ్గరే ఆగింది.