నూరున్నీసా వండిన కువైట్ చేప

ఆ శుక్రవారం పొద్దున నూరున్నీసా అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం భర్త ముదస్సిర్ వీడియో కాల్ చేసేసరికి, అతను చెప్పే చేపకూరను ప్రొద్దుటూరులో వండి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని తినాలి. అతనికి కువైట్‌లో ఒక షేక్ ఇంటి వంటగదిలో పని. అక్కడ ప్రతి శుక్రవారం అదే కూరట. తెల్లచేప ముక్కల్ని అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసిన కొబ్బరిపాలలో ఎలా ఉడికిస్తారో, పాలు మరిగి విరిగిపోకుండా మంట ఎంత సన్నగా ఉంచాలో అతను చెప్పీ చెప్పీ ఆమెకు కంఠతా వచ్చేసింది. పెళ్లైన ఏడాదికే వెళ్లినవాడు. ఇద్దరూ ఒకే కూర తింటే, ఒక్క పూటైనా ఒకే ఇంట్లో ఉన్నట్టుంటుందని ఆమె ఆశ.

కొబ్బరికాయల కోసం పక్కింటి పార్వతమ్మ దగ్గరికి వెళ్లింది. వాళ్లది బట్టల కొట్టు. చేప పొడ గిట్టని ఇల్లు. అందుకని, "మా ఆయనకు ఇష్టమైంది వండుతాండానక్కా" అని మాత్రం అంది. ఆమె ముఖంలోని వెలుగు చూశాక పార్వతమ్మకు ఇంకేమీ అడగాలనిపించలేదు. నాలుగు కాయలు చేతిలో పెట్టి, ముదస్సిర్ వచ్చేశాడనుకుని, ఆ మాటే కొట్టుకు కబురు చేసింది.

ఆ కొట్టులోనే మరిది అన్సర్ పనిచేస్తాడు. అన్న తనకు చెప్పకుండా వచ్చాడని మొదట అలిగాడు. అందరికీ ఒకేసారి కనిపించాలని దాక్కున్నాడేమోనని తర్వాత సర్దుకున్నాడు. వదిన చిన్న చేప ఒకటి తెమ్మంటే, మైలవరం డ్యామ్ నుంచి వచ్చిన పెద్ద బొచ్చెచేపలు రెండు తెచ్చి, తనకేమీ తెలియనట్టు నవ్వి వెళ్లాడు. దారిలో జమ్మలమడుగులోని తల్లికి ఫోన్ చేశాడు. తల్లి మహబూబ్‌బీ పులివెందులలో ఉన్న కూతురికి చేసింది.

చేప ఎక్కువైందని నూరున్నీసా పెద్ద గిన్నె పెట్టి, పాలు కదిలినప్పుడల్లా మంట తగ్గిస్తూ పొయ్యి దగ్గరే నిలబడింది. అంతలో వాకిట్లో ఆటో ఆగింది. తర్వాత ఆడబిడ్డ వాళ్లది ఇంకొకటి. మహబూబ్‌బీ చెప్పులు విడిచి, కోడలిని పలకరించకుండానే పడకగదిలోకి, అక్కణ్నుంచి పెరట్లోకి వెళ్లి వచ్చింది.

"యాడ నా కొడుకు? నీళ్లు పోసుకుంటాండాడా?"

నూరున్నీసాకు అప్పటికి సంగతి అర్థమైంది. లేడని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే తానే అతణ్ని మళ్లీ పంపించేసినట్టుంటుంది. ఆటో చప్పుడుకు తన గుండె కూడా వాకిట్లోకి పరిగెత్తింది మరి.

ఫోన్ మోగింది. తెరమీద ముదస్సిర్.

"ఏందిమా, అందరూ వచ్చినారు? ఏమైంది?"

"నువ్వొచ్చినావంటే వచ్చినాం రా," అంది తల్లి.

అతను తల వంచుకున్నాడు. నూరున్నీసా గబగబా పళ్లెంలో ఒక ముక్క వేసి చూపించింది. విరగకుండా, తెల్లగా, పాలలో మెరుస్తోంది. ముదస్సిర్ ముఖం తెరకు దగ్గరగా తెచ్చి చూశాడు.

"తిని చెప్పు నూరూ. ఎట్లుంటాది?"

"మీకు తెలీదా? వారం వారం తింటారు గదా."

"అది షేక్ వాళ్ల బల్ల మీదికి పోతాది. నాకు వాసన వరకే. మాకు రొట్టె, పప్పు."

ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అందరి ముందూ, సిగ్గు మరిచి, ఆ రుచిని నెమ్మదిగా చెప్పింది. ముందు కొబ్బరి తీపి తగులుతుందనీ, వెనకే అల్లం ఘాటు వస్తుందనీ, పళ్లతో పని లేకుండానే చేప కరిగిపోతుందనీ. అతను కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక మళ్లీ చెప్పమన్నాడు. చుట్టాలు పళ్లాలు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

చివరికి మహబూబ్‌బీ ఒక ముక్క తిని, ఫోన్ తన వైపు తిప్పుకుంది. "ఇంత చప్పిడి కూర తినేటోళ్ల కాడ నీకేం పని రా? వచ్చెయ్."

అని, ఇంకో రెండు ముక్కలు వేసుకుంది.